ఏసీ వైరింగ్ రీకాల్ వచ్చిన బస్సును పార్ట్ వచ్చేదాకా నడపొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇది చూసే మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. మీకు ఆరు బస్సులున్నాయి. వాటిలో నాలుగింటికి కంపెనీ నుంచి రీకాల్ లెటర్ వచ్చింది. పైకప్పు మీద ఉండే ఏసీ యూనిట్‌కి కరెంటు తీసుకెళ్లే వైరింగ్ వేడెక్కి మంట వచ్చే ప్రమాదం ఉంది, బండిని సర్వీస్ సెంటర్‌కి తీసుకురండి అని అందులో ఉంది. ఫోన్ చేస్తే పార్ట్ రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. ఈలోగా ఒక బస్సులో బ్లోయర్ ఫ్యూజు నెలలో రెండుసార్లు పోయింది. వెనక సీట్ల దగ్గర ఏదో కాలిన వాసన వస్తోందని డ్రైవర్ చెప్పాడు. మీ ఏసీ మెకానిక్ మాత్రం కూలింగ్ బ్రహ్మాండంగా ఉంది, కొంచెం పెద్ద ఫ్యూజు వేస్తే సరిపోతుంది అన్నాడు. నడపొచ్చా, ఆపాలా అని మీరు అడుగుతున్నారు.

బస్సుల ఎలక్ట్రికల్, ఏసీ పనిలో నాకు ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది. కాలిపోయిన బస్సులు విప్పి, మంట ఎక్కడ మొదలైందో వెతికే పని కూడా కొన్నేళ్లు చేశాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ముందు ఆ వాసన వస్తున్న బస్సు సంగతి. దాన్ని ఈ రోజే ఆపేయండి. రేపటి ట్రిప్పుకి ఏం చేయాలో తర్వాత చూసుకోవచ్చు. లెటర్‌లో "రావచ్చు" అని రాసిన సమస్య ఆ బస్సులో ఇప్పటికే మొదలైందనే అనుకోవాలి. ఫ్యూజు పోవడం, వాసన రావడం రెండూ కలిశాక ఇంకో ఆధారం కోసం ఎదురుచూడకూడదు. ఆపేటప్పుడు షెడ్డులో పెట్టకండి, మిగతా బస్సుల పక్కన పెట్టకండి, గోడకి ఆనించి పెట్టకండి. ఆరుబయట, చుట్టూ ఖాళీ ఉన్న చోట పెట్టి, ఏసీకి వెళ్లే మెయిన్ ఫీడ్ (బ్యాటరీ నుంచి ఏసీకి కరెంటు తీసుకెళ్లే లావు వైరు) విప్పించండి. తాళం తీసేసినా బ్యాటరీ నుంచి రిలే (స్విచ్ వేస్తే ఏసీకి కరెంటు కలిపే పరికరం) దాకా వెళ్లే వైరులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఆ వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే, ఆగి ఉన్న బస్సు కూడా అర్ధరాత్రి అంటుకుంటుంది. కొన్ని రీకాల్ లెటర్లలో "బయటే పార్క్ చేయండి" అని ప్రత్యేకంగా రాసేది అందుకే.

మిగతా మూడు బస్సుల విషయం మీ లెటర్‌లో ఉన్న మాటల మీద ఆధారపడుతుంది. అక్కడికి తర్వాత వస్తాను. దానికంటే ముందు "కూలింగ్ బాగుంది కాబట్టి ఏం కాదు" అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఈ మాట నమ్మి నష్టపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను.

బస్సు ఏసీలో కంప్రెసర్‌ని మామూలుగా ఇంజినే బెల్టుతో తిప్పుతుంది. చల్లగాలిని లోపలికి తోసే బ్లోయర్లు, వేడిని బయటికి పంపే కండెన్సర్ ఫ్యాన్లు మాత్రం కరెంటు మీద నడుస్తాయి. అది 24 వోల్టుల డీసీ. "24 వోల్టులే కదా, ముట్టుకుంటే షాక్ కూడా కొట్టదు" అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. వోల్టేజ్ తక్కువైతే అదే పని చేయడానికి ఎక్కువ ఆంపియర్లు లాగాలి. పెద్ద బస్సులో అన్ని బ్లోయర్లు, ఫ్యాన్లు ఫుల్ స్పీడులో తిరుగుతుంటే 80 ఆంపియర్లు లాగడం మామూలే. వైరును వేడెక్కించేది ఆంపియర్లే. అది కూడా వర్గం లెక్కన, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది.

ఇప్పుడు ఒక జాయింట్ తీసుకోండి. వైరు చివర లగ్గు (వైరుకి తొడిగే లోహపు కొస), దాన్ని బిగించిన నట్టు. బాగా ఉన్న జాయింట్‌లో నిరోధం ఒక మిల్లీ ఓమ్ అనుకుందాం. 80 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 6 వాట్ల చిల్లర. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. అదే జాయింట్ వైబ్రేషన్‌కి వదులై, వాన నీరు చేరి పచ్చగా తుప్పు పట్టి, నిరోధం 10 మిల్లీ ఓమ్‌లకి చేరిందనుకోండి. వేడి 64 వాట్లవుతుంది. సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ కూడా చాలావరకు ఇంతకంటే తక్కువ వాట్లదే ఉంటుంది. అంత వేడి బొటనవేలి గోరంత చోట, గంటల తరబడి, ఫోమ్ ఇన్సులేషన్ పక్కన పుడుతుందన్నమాట.

మరి బ్లోయర్‌కి తక్కువయ్యే వోల్టేజ్ ఎంత? 0.8 వోల్టు. 24లో 0.8 పోతే బ్లోయర్ స్పీడు తగ్గినట్టు మీ చెవికి కూడా తెలియదు. కూలింగ్ అలాగే ఉంటుంది. ఇక ఇలాంటి జాయింట్‌కి ఫ్యూజు ఎందుకు పోదంటే, నిరోధం పెరిగితే కరెంటు కొంచెం తగ్గుతుంది గానీ పెరగదు. ఫ్యూజుకి కనిపించేది కరెంటు ఒక్కటే. జాయింట్ ఎర్రబడుతున్నా ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉన్నట్టు. అందుకే మీ మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు, కూలింగ్ నిజంగానే బాగుండి ఉంటుంది. కానీ ఈ లోపం గురించి కూలింగ్ మనకేమీ చెప్పదు.

ఒక అనుభవం చెప్తాను. చాలా ఏళ్ల కింద ఒక బస్సు మా దగ్గరికి వేరే పని మీద వచ్చింది. ఎడమ వరుసలో ఒక రీడింగ్ లైటు వెలగడం లేదని. లైటు కోసం పైన లైనింగ్ ప్యానెల్ నాలుగు స్క్రూలు విప్పి దించాను. దాని వెనక ఏసీ బ్లోయర్ల కనెక్టర్ ఉంది. తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్ ఒక పక్క బెల్లం రంగులోకి మారి, రెండో పక్క కరిగి జారి గట్టిపడింది. వైరు ఎర్ర తొడుగు నాలుగు అంగుళాల మేర నల్లబడింది. వేలితో వంచితే ఎండుటాకులా పెళుసుగా విరిగిపోయింది. లోపల రాగి తీగ నీలం, ఊదా రంగులు కలిసి మెరుస్తోంది. పక్కనున్న ఫోమ్ అరచేయంత మేర మాడిపోయి ఉంది. వేళ్లకి మసి అంటింది. ఆ ప్యానెల్‌కి సరిగ్గా కింద సీట్లో ఎవరో పిల్లల స్కూల్ బ్యాగు మరిచిపోయి ఉంది. ఆ రోజు పొద్దున కూడా ఆ బస్సు ట్రిప్పు వేసి వచ్చింది, ఏసీ చక్కగా పనిచేసింది, ఫ్యూజు చెక్కుచెదరలేదు. రీడింగ్ లైటు పోకపోయి ఉంటే ఆ ప్యానెల్ ఎవరూ విప్పేవాళ్లు కాదు. అప్పటి నుంచి "బాగానే పనిచేస్తోంది కదా" అని ఎవరైనా అంటే నాకు ఆ కనెక్టరే గుర్తొస్తుంది.

ఈ వేడి దానంతట అదే తగ్గదు. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. రోజుకి పదిసార్లు ఇలా జరిగితే క్రింపింగ్ (లగ్గుని వైరు మీద నొక్కి బిగించిన చోటు) పట్టు సడలుతుంది. వేడికి రాగి మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. పట్టు సడలితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. మొదట నెలల తరబడి నిదానంగా సాగి, చివరి దశ గంటల్లో ముగుస్తుంది. రెండు నెలలు ఏమీ కాలేదు కాబట్టి ఇంకో రెండు నెలలు కూడా ఏమీ కాదు అనే లెక్క అందుకే ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు పెద్ద ఫ్యూజు సంగతి. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఫ్యూజు ఉన్నది మోటారుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. వైరు మందం చూసి, అది ఎంత కరెంటు భరిస్తుందో లెక్కవేసి ఫ్యూజు రేటింగ్ పెడతారు. 40 ఉన్న చోట 60 వేస్తే ఏం జరుగుతుందంటే, బేరింగ్ అరిగి సగం పట్టేసిన మోటారు 50 ఆంపియర్లు లాగుతున్నా ఫ్యూజు పోదు, వైరే కాలుతుంది. అంటే ఫ్యూజు చేయాల్సిన పనిని పైకప్పులో ఫోమ్ మధ్య నడిచే వైరు చేతిలో పెట్టినట్టు. పైగా అసలు రేటింగ్ ఫ్యూజు కూడా మనం అనుకున్నంత ఖచ్చితమైన వస్తువు కాదు. రేటింగ్ కంటే పది శాతం ఎక్కువ కరెంటు గంటల తరబడి పోయినా తెగకుండా ఉండేలాగే వాటిని తయారుచేస్తారు. అంత ఉదారమైన ఫ్యూజే రెండుసార్లు పోయిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పోయిన ఆ రెండు ఫ్యూజులు మీ దగ్గరే ఉంటే పారేయకండి. వాటిని వెలుతురులో పెట్టి చూడండి. లోపలి తీగ నడిమధ్యలో శుభ్రంగా తెగి ఉంటే, ఎక్కువ కరెంటు కొంతసేపు పోయి ఉంటుంది. మోటారు బిగుసుకుంటోందేమో చూడాలి. లోపల మసి చిమ్మినట్టు నల్లగా, తీగ ఆవిరైనట్టు ఉంటే షార్ట్ అయింది. వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. తీగ సంగతి పక్కన పెట్టి, ఫ్యూజు కాళ్ల దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారి మెత్తబడి ఉంటే మాత్రం సాకెట్ వదులైంది. ఆ వదులు సాకెట్ వేడికే ఫ్యూజు కరిగి ఉండొచ్చు, కరెంటు ఎక్కువ పోకుండానే. ఈ మూడో రకంలో కొత్త ఫ్యూజు ఎన్నిసార్లు మార్చినా మళ్లీ పోతుంది. పెద్దది వేస్తే పోకుండా సాకెట్టే కాలుతుంది. నేను చూసినవాటిలో ఇదే ఎక్కువ.

లెటర్‌లో చెప్పిన వైరింగ్ కాకుండా ఏసీ వల్ల మంట వచ్చే దారులు ఇంకొన్ని ఉన్నాయి. పాత బస్సుల్లో బ్లోయర్ స్పీడు మార్చడానికి రెసిస్టర్ వాడతారు. అది బ్లోయర్ గాలికే చల్లబడాలి. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి గాలి ఆడకపోతే ఎర్రగా కాలుతుంది. వైరు రేకు రంధ్రంలోంచి వెళ్లే చోట రబ్బరు గ్రోమెట్ ఊడిపోతే రేకు అంచు వైరు తొడుగుని కోసేస్తుంది. కంప్రెసర్ క్లచ్ జారితే బెల్టు దగ్గర విపరీతమైన వేడి పుడుతుంది. ఎలక్ట్రిక్ బస్సుల్లో కంప్రెసరే వందల వోల్టుల డీసీ మీద నడుస్తుంది. అక్కడ మామూలు మెకానిక్ చెయ్యి పెట్టనేకూడదు.

ఒక అపోహ గురించి చెప్పి ముందుకెళ్తాను. బస్సు కాలినప్పుడల్లా "ఏసీ గ్యాస్ పేలింది" అంటారు. బస్సుల్లో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాస్ మామూలు పరిస్థితుల్లో అంటుకోదు. గ్యాస్‌తో పాటు తిరిగే కంప్రెసర్ ఆయిల్ మాత్రం అంటుకుంటుంది. గొట్టం పగిలి అది పొగమంచులా చిమ్మి, వేడిగా ఉన్న ఎగ్జాస్ట్ మీద పడితే మంటే. ఇంకొకటి, మంటలో పడిన ఆర్-134ఏ విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు అవుతుంది. చౌకగా వస్తుందని ఎవరైనా ప్రొపేన్ లాంటి గ్యాస్ నింపితే లెక్క పూర్తిగా మారిపోతుంది, అది వంటగ్యాస్ జాతి. మీ బస్సుల్లో ఏ గ్యాస్ నింపారో మెకానిక్‌ని నేరుగా అడగండి.

పైకప్పులో మొదలైన మంట ఎందుకంత ప్రమాదమో కూడా మీకు తెలియాలి. ఏసీ డక్ట్ బస్సు ముందు నుంచి వెనక దాకా రెండు వైపులా ఉంటుంది. బ్లోయర్ తిరుగుతుంటే ఒక మూల మొదలైన పొగను అదే బ్లోయర్ ప్రతి సీటు మీదికీ ఊదుతుంది. డక్ట్ చుట్టూ ఫోమ్, దాని కింద ప్లాస్టిక్ లైనింగ్. ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వస్తుంది. మంట తగలకముందే నాలుగు గుక్కల పొగకి మనిషి కూలిపోతాడు. "ఇంజిన్‌లో ఆటోమేటిక్ ఫైర్ సిస్టమ్ ఉంది కదా" అని కొందరు ధైర్యంగా ఉంటారు. దాని నాజిల్స్ ఇంజిన్ కంపార్ట్‌మెంట్‌లో ఉంటాయి. పైకప్పుకి అది ఏ రకంగానూ సాయపడదు.

లోపలి సామాను "ఫైర్ రిటార్డెంట్" (మంట త్వరగా పాకనిది) అని బ్రోచర్లో రాసి ఉంటే దాన్ని కూడా కొలతలో పెట్టి చూడండి. అమెరికాలో వాహనాల లోపలి వస్తువులకి ఉన్న ఎఫ్ఎమ్‌విఎస్ఎస్ 302 ప్రమాణం ప్రకారం, అడ్డంగా పెట్టిన ముక్కకి చిన్న మంట తగిలిస్తే అది నిమిషానికి 102 మిల్లీమీటర్ల కంటే వేగంగా కాలకూడదు. అంతే. అసలు కాలకూడదని అందులో లేదు. ఆ టెస్టు 1970ల నాటిది, సిగరెట్, అగ్గిపుల్ల లాంటి చిన్న మంటల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. పైకప్పంతా ఒకేసారి వేడెక్కినప్పుడు ఆ పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో ఆ టెస్టు చెప్పదు.

2008 నవంబర్ 4న జర్మనీలో హానోవర్ దగ్గర హైవే మీద ఒక టూరిస్టు బస్సు కాలి 20 మంది చనిపోయారు. అది ఏసీ కాదు, బస్సు లోపలి భాగంలో కరెంటు వైరులో మొదలైన మంట. కానీ పాఠం మీ లెటర్‌లో ఉన్నదే. కనబడని మూలలో వైరు కాలింది, ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి పొగ లోపలంతా కమ్మేసింది, వెనక కూర్చున్న పెద్దవాళ్లకి బయటపడే టైమ్ దొరకలేదు. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల్లో 107వ నంబర్ రెగ్యులేషన్ ఇప్పుడు టాయిలెట్, డ్రైవర్ పడుకునే గది లాంటి మూసిన చోట్ల పొగను గానీ అధిక వేడిని గానీ పసిగట్టే అలారం ఉండాలంటుంది. డ్రైవర్‌కి కనిపించని చోట మొదలయ్యే మంటలు ఎంత ప్రమాదమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక లెటర్. టేబుల్ మీద పెట్టి, పెన్ను పట్టుకుని, మూడు విషయాల కింద గీత గీయండి. మొదటిది, రిపేరు అయ్యేదాకా ఏం చేయమన్నారు: బండి నడపొద్దన్నారా, ఏసీ వాడొద్దన్నారా, బయట పార్క్ చేయమన్నారా, లేక ఏమీ అనలేదా. రెండోది, ఇది తుది లెటరా లేక మధ్యంతర లెటరా. పార్ట్ సిద్ధం కాకముందే ప్రమాదం గురించి చెప్పడానికి ఒక లెటరు, పార్ట్ వచ్చాక ఇంకో లెటరు పంపడం మామూలు పద్ధతి. మీకు రెండు నెలలు అన్నారంటే ఇది మొదటిది అయ్యుండొచ్చు. రెండో లెటర్ కోసం కాచుకుని ఉండాలి. మూడోది, రీకాల్ చేసింది ఎవరు. ఛాసిస్ ఒక కంపెనీది, బాడీ కట్టింది ఇంకొకరు, ఏసీ బిగించింది మూడో కంపెనీ. ఈ ముగ్గురిలో లెటర్ ఎవరి పేరు మీద వస్తే రిపేరు బాధ్యత వాళ్లది. సర్వీస్ సెంటర్ వాళ్లు "ఇది ఏసీ కంపెనీ వాళ్లది, మాకు సంబంధం లేదు" అంటే ఆ లెటర్ చూపించి మాట్లాడండి.

రిపేరుకి డబ్బు కట్టకండి. అమెరికా చట్టం ప్రకారం మొదటి అమ్మకం నుంచి 15 ఏళ్ల లోపు వాహనాలకి రీకాల్ రిపేరు ఉచితం. లోపం గురించి ప్రభుత్వానికి చెప్పిన 60 రోజుల్లోపు కంపెనీ ఆ సంగతి బండ్ల యజమానులకి తెలియజేయాలి. భారత్‌లో 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ చేర్చారు, లోపమున్న వాహనాల రీకాల్‌కి ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. మీ బస్సులు ఎక్కడ రిజిస్టర్ అయ్యాయో అక్కడి రూల్ చూసుకోండి. లెటర్ రాని మిగతా రెండు బస్సుల ఛాసిస్ నంబర్లు కూడా కంపెనీకిచ్చి చెక్ చేయించండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవైతే లెటర్ పాత యజమాని అడ్రస్‌కి వెళ్లి అక్కడే ఉండిపోయి ఉండొచ్చు.

వాసన వచ్చిన బస్సు గురించి కంపెనీకి, మీ దేశంలో వాహన భద్రత చూసే ప్రభుత్వ సంస్థకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి. దీన్ని కాగితాల పని అని వాయిదా వేయకండి. రీకాల్స్ చాలావరకు ఇలాంటి కంప్లైంట్లతోనే మొదలవుతాయి. "వేడెక్కే అవకాశం ఉంది" అన్న లెటర్ "వెంటనే ఆపండి" అని మారడానికి కూడా అవే కారణమవుతాయి. మీ బస్సులో జరిగింది రేపు ఎవరిదో బస్సులో జరగకుండా ఆపే పని అది. ఫోటోలు, తేదీలు, కిలోమీటర్ల రీడింగ్, పోయిన ఫ్యూజులు అన్నీ జాగ్రత్త చేయండి. మీ మెకానిక్ కాలిన కనెక్టర్ ఏదైనా కోసి పారేయబోతే ఆపండి. అది ఒక కవర్లో వేసి, బస్సు నంబరు రాసి దాచండి.

మిగతా మూడు బస్సులు. లెటర్‌లో "నడపొద్దు" అని ఉంటే చర్చ లేదు, ఆపాల్సిందే. "ఏసీ వాడొద్దు" అని మాత్రమే ఉంటే, ఏసీని పూర్తిగా వేరు చేసి నడపొచ్చు. వేరు చేయడం అంటే డ్యాష్‌బోర్డు స్విచ్ ఆపడం కాదు. స్విచ్ ఆపితే రిలే ఆగుతుంది, రిలే దాకా వచ్చే లావు వైరులో కరెంటు అలాగే ఉంటుంది. బ్యాటరీ దగ్గర్లో ఏసీకని వేరే పెద్ద ఫ్యూజు ఉంటుంది, అది తీయించాలి. బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఉంది కదా అని నమ్మకండి. బస్సు తయారయ్యాక విడిగా బిగించిన కొన్ని ఏసీల్లో మెయిన్ ఫీడ్‌ని కటాఫ్‌కి ముందే, నేరుగా బ్యాటరీ పోస్టు మీదే బిగించేస్తారు. కటాఫ్ తిప్పి, ఏసీ రిలే దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. అక్కడ ఇంకా 24 చూపిస్తే మీ బస్సు కూడా ఆ బాపతే. ఫ్యూజు తీశాక వైరు చివర ఇన్సులేషన్ చుట్టి, "రీకాల్ – పెట్టొద్దు" అని ట్యాగ్ కట్టండి. లేకపోతే ఎండగా ఉన్న మధ్యాహ్నం ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే మళ్లీ పెట్టేస్తారు.

దీంతో రెండు చిక్కులు వస్తాయి. అద్దాలు తెరుచుకోని బస్సులో ఏసీ బ్లోయర్ లేకపోతే గాలి ఆడదు. రూఫ్ హ్యాచ్‌లు తెరిచినా నిండా జనం ఉంటే ఊపిరాడని పరిస్థితి వస్తుంది. అలాంటి బస్సును పక్కన పెట్టడమే మేలు. రెండోది, కొన్ని బస్సుల్లో ముందు అద్దం మంచు తుడిచే బ్లోయర్‌కి కూడా ఈ ఫీడ్ నుంచే కరెంటు పోతుంది. ఫీడ్ తీశాక అది పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. వానలో అద్దం మసకబారితే ఇంకో ప్రమాదం కొని తెచ్చుకున్నట్టే.

లెటర్‌లో వాడకం గురించి ఏమీ రాయకపోతే? నేనైతే అప్పుడు కూడా ఏసీ ఫీడ్ తీసేస్తాను. మీకు టెన్షన్ పెట్టాలని కాదు. ఒక బస్సులో ఇప్పటికే లక్షణాలు కనిపించాయి, మిగతా మూడూ అదే లోపం మీద రీకాల్ అయిన బండ్లు.

డ్రైవర్లతో ఈ వారమే కూర్చుని మాట్లాడండి. వాసన గురించి చెప్పిన ఆ డ్రైవర్‌ని అందరి ముందూ మెచ్చుకోండి. ట్రిప్పు పోతుందని తిడతారేమో అని చాలామంది డ్రైవర్లు వాసన సంగతి చెప్పరు. పొగ గానీ వాసన గానీ వస్తే ఏం చేయాలో వరస నేర్పండి. పక్కకి తీసి ఆపాలి, ఏసీ ఆపాలి, తలుపులు తెరవాలి, ఇంజిన్ ఆపాలి, జనాన్ని దించాలి, ఆ తర్వాతే బ్యాటరీ కటాఫ్. తలుపులు ముందే తెరవమంటున్నది ఎందుకంటే, కరెంటు పోయాక కొన్ని బస్సుల్లో తలుపు బటన్ పనిచేయదు, ఎమర్జెన్సీ వాల్వ్ వెతుక్కోవాలి. ఇంజిన్ ఆపకుండా కటాఫ్ ఒక్కటే తిప్పితే ఆల్టర్నేటర్ కరెంటు ఇస్తూనే ఉండొచ్చు. పొగ వస్తున్న గ్రిల్ విప్పి లోపల చూడొద్దని గట్టిగా చెప్పండి, గాలి అందితే మంట ఒక్కసారిగా లేస్తుంది. పైకప్పు మంట మీద చేతి సిలిండర్‌తో పోరాడటం కంటే ఆ అర నిమిషం జనాన్ని దించడానికి వాడాలి.

దించడం అనేది నోటితో చెప్పినంత సులువు కాదు. 2005 సెప్టెంబర్‌లో అమెరికాలోని టెక్సాస్‌లో తుఫాను నుంచి వృద్ధాశ్రమం వాళ్లని తరలిస్తున్న బస్సు విల్మర్ దగ్గర కాలిపోయింది. 44 మంది వృద్ధుల్లో 23 మంది చనిపోయారు. అక్కడ కారణం గ్రీజు చాలక వేడెక్కిన చక్రం బేరింగ్. నడవలేనివాళ్లని ఒక్కొక్కరినీ మోసుకుని దించాల్సి వచ్చింది, అంతమందికి సమయం చాలలేదు. మీ బస్సుల్లో చిన్నపిల్లలో పెద్దవాళ్లో వెళ్తుంటే, ఎవరికి సాయం కావాలో, ఎమర్జెన్సీ తలుపు ఎవరు తెరుస్తారో ముందే అనుకుని, నిలబెట్టిన బస్సులో ఒకసారి చేసి చూడండి.

పార్ట్ వచ్చి రిపేరు అయ్యాక బండిని ఊరికే తెచ్చేసుకోకండి. ఏ పార్ట్ మార్చారో, పాతది ఎక్కడ తీశారో చూపించమనండి. కొత్త లగ్గుల నట్ల మీద బిగింపు గుర్తుగా పెయింటు గీత ఉందా చూడండి. అది ఉంటే తర్వాత నట్టు కదిలినా కంటికి తెలుస్తుంది. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఏసీ ఫుల్ స్పీడులో పెట్టించి, పావుగంట అయ్యాక, ప్రతి జాయింట్‌కి అటూ ఇటూ మల్టీమీటర్ పెట్టి వోల్టేజ్ డ్రాప్ చూడమనండి. నేను ఒక జాయింట్ మీద 0.1 వోల్టు దాటితే ఒప్పుకోను, మళ్లీ చేయిస్తాను. లోడ్ లేకుండా కొలిస్తే చెడిపోయిన జాయింట్ కూడా సున్నాయే చూపిస్తుంది, ఆ కొలతకి విలువ లేదు. రిపేరు అయిందని ఛాసిస్ నంబరుతో సహా రాతపూర్వకంగా తీసుకోండి. ఆరు నెలలకోసారి ఇదే కొలత మీ మెకానిక్‌తో చేయించి రిజిస్టర్‌లో రాయించండి. ఆయన పనిమంతుడే అయ్యుంటాడు, ఈ కొలత ఎవరూ నేర్పి ఉండరు.

లెటర్ రెండు పేజీల ఫోటోలు, ఆ రెండు ఫ్యూజులు, వాటి సాకెట్ దగ్గరగా తీసిన ఫోటో ఇక్కడ పెట్టండి. ఛాసిస్ నంబరు, అడ్రస్ చెరిపేసి పెట్టండి. ఫ్యూజు కాళ్ల దగ్గర రంగు మారిందా లేదా అన్నది చూస్తే ఆ బస్సులో ఎక్కడ విప్పాలో చాలావరకు చెప్పగలను.